గోడకు వేసిన రెండు పూతలు

మా మామగారి ఊపిరిని నేను అంకెల్లో చూస్తాను. గుండె నిండా గాలి పీల్చుకుని, మధ్యలో ఆపకుండా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమంటాను. గాలి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగుతారు. ఆ అంకెను కేలండరు మీద ఆ రోజు గడిలో రాస్తాను. ఇది ఆస్పత్రిలో డాక్టరమ్మ నేర్పిన పద్ధతి. చలికాలంలోనూ ఎండల్లోనూ ఆయన ఇరవై నాలుగు దాకా వెళతారు. కిందటేడు వానల్లో మాత్రం పదమూడు దగ్గరే ఆగిపోయారు.

ఆయన రైల్వే వర్క్‌షాపులో, ఇనుము కరిగించి పోతపోసే విభాగంలో ముప్పయ్యారేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఛాతీ అప్పటికే పాడైంది. ఆ పాడైనదాన్ని ఇంకా పాడుచేస్తున్నది మా ఇంటి గోడే అని తెలుసుకోవడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది.

బెంగాలీలూ తెలుగు రైల్వేవాళ్ళూ కలిసి ఉండే ఝపటాపూర్‌లో మా ఇంటికి రెండే గదులు. ముందు గది సందులోకి తెరుచుకుంటుంది, అందులోనే ఒక పక్క వంట. వెనక గది మామగారిది. ఆ గది గోడకు అవతలివైపు స్నానాల గది. గోడ మందం అయిదంగుళాలు. స్నానాల గదిలో పోసుకున్న నీళ్ళు ఆ గోడలోకి ఇంకి, ఇవతలివైపు చెమ్మగా పైకి పాకేవి. ఎండల్లో కొంత ఆరేది, వానల్లో ఆరేది కాదు. సున్నం ఉబ్బేది, పెళ్ళలుగా రాలేది, నల్లటి బూజు పట్టేది. చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో ప్రతి ఆదివారం పెన్సిలుతో గీత గీసేదాన్ని. వానలకు ముందు పద్నాలుగు అంగుళాలు ఉన్నది, వానలు ఆగేసరికి ముప్పయ్యొకటి అయింది. గీత పైకి వెళ్ళిన వారాల్లో ఆయన అంకె కిందికి వచ్చింది. గీతనూ అంకెనూ పక్కపక్కన రాసి డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ కాగితం కాసేపు చూసి, "మందులు మార్చడం నా పని. గోడ మార్చడం మీ పని. ఈ ఛాతీతో ఇంకో వానాకాలం ఆ గదిలో పడుకోకూడదు" అన్నారు.

ముందు గదిలో పడుకోబెడదామంటే అక్కడ వంట పొగ, సందులోంచి వచ్చే దుమ్ము. అక్కడ ఆయనకు ఇంకో రకంగా ఊపిరాడదు. గోడ బాగుపడితే ఆయనకు గది ఉంటుంది, లేకపోతే లేదు. అందుకని ఈ ఎండాకాలం స్నానాల గది పని పెట్టుకున్నాం. మా ఆయనది నింపురా రైల్వే యార్డులో ఉద్యోగం, డ్యూటీ ఎక్కితే ఇంటికి ఎప్పుడొస్తారో చెప్పలేం. "నువ్వున్నావు గదా, నీ లెక్క ఉన్నాది గదా" అని పని నాకు వదిలేశారు.

నా లెక్క సంగతి కూడా చెప్పాలి. నేను ఎనిమిదో తరగతి దాకానే చదివాను. పుట్టింటివాళ్ళది ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. రేషన్ సరుకులు కొలుచుకోవడంలో, రైళ్ళ రాకపోకల పట్టికలు చూడడంలో నాకు నేనుగా లెక్క పట్టుబడింది. ఎవరైనా గది కొలతలు చెబితే టైల్స్ ఎన్ని కావాలో, విరిగేవాటికి ఎన్ని కలుపుకోవాలో చెప్పగలను. అలా చుట్టుపక్కల చాలామందికి చెప్పాను. ఒకసారి చెప్పిన లెక్కను ఎవరూ మళ్ళీ సరిచూసుకునేవారు కాదు. నాకూ ఆ అవసరం రాలేదు.

స్నానాల గది పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. తలుపు పోను చుట్టూ గోడ పదిహేడున్నర అడుగులు. ఆరడుగుల ఎత్తు వరకు లెక్క వేస్తే నూట అయిదు చదరపు అడుగులు, నేల ఇరవై నాలుగు. మేస్త్రీ పాత ప్లాస్టరు కొట్టేసి కొత్తది వేశాడు. వారం రోజులు నేనే నీళ్ళు కొట్టాను. తరవాత ఎండనిచ్చాం. ఇక మిగిలింది టైల్స్‌కు ముందు గోడకు, నేలకు నీళ్ళు దిగకుండా రెండు పూతలు వేయడం.

ఆ పూతకు సిమెంటులో ఒక తెల్లటి ద్రవం కలుపుతారు. పాలలాగే ఉంటుంది, ఆరితే రబ్బరు పొరలా సాగుతుంది. మేస్త్రీలు దాన్ని కెమికల్ అంటారు. మా మేస్త్రీ బెంగాలీ మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. నన్ను బౌదీ, అంటే వదినా, అని పిలుస్తాడు. తెలుగిళ్ళల్లో పనిచేసి చేసి తెలుగు పట్టేశాడు గానీ, తొందరలో ఉంటే హిందీ, బెంగాలీ, తెలుగు మూడూ ఒకే వాక్యంలో వస్తాయి. తనే కొలతలు చూసుకుని సిమెంటు ఎనిమిది కిలోలు, కెమికల్ అయిదు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు సీసా ఒకటి తెచ్చాడు.

కలిపింది అరగంటలో గట్టిపడుతుంది. అందుకని ఒక్కో కిలో చొప్పున ఎప్పటికప్పుడు కలపాలి. అతను లోపల బ్రష్షు పట్టుకుని ఉంటే బయట కలిపి అందించేవాళ్ళు కావాలి. ఆ పని నేను చేస్తానన్నాను. సిమెంటు దుమ్ముకు ముక్కూ నోరూ మూసి గంఛా కట్టుకుని ఉన్నాడతను. ఆ గుడ్డ వెనక నుంచే కొలత చెప్పాడు.

"బౌదీ, ఏక్ కిలో సిమెంట్‌లో పౌన్ లీటర్ కెమికల్. గట్టిగా ఉంటే థోడా పానీ."

నాకు వినిపించింది పావు.

మా వంటింట్లో పావు లీటరు పట్టే స్టీలు గ్లాసు ఉంది. కిలో సిమెంటు తూచి బకెట్లో పోశాను. ఒక గ్లాసు కెమికల్ పోసి కలిపాను. కలవలేదు. పొడిపొడిగా, చపాతీ పిండి కూడా కాకుండా ఉండిపోయింది. గట్టిగా ఉంటే కొంచెం నీళ్ళన్నాడు గదా అని నీళ్ళు పోశాను. ఇంకొంచెం పోశాను. దోసెల పిండిలా జారే వరకు పోశాను. కెమికల్‌ను గ్లాసు అంచుకు కన్ను పెట్టి కొలిచిన మనిషిని, నీళ్ళను చెంబుతో వంచాను. కొంచెం అన్నదానికి కొలత ఉండదు. కొలత లేని చోట నేను అనుమానపడలేదు.

మేస్త్రీ బ్రష్షు ముంచి గోడ మీద ఒక గీత లాగాడు.

"బాగా పోతుంది బౌదీ. ఠీక్ హై. ఇట్లనే కలుపు."

ఇట్లాగే మొదటి పూతకు నాలుగుసార్లు, మర్నాడు పొద్దున రెండో పూతకు నాలుగుసార్లు కలిపాను. మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. మూలల్లో గుడ్డ పట్టీ అతికించి దాని మీద కూడా పూశాడు. గది లోపల నాలుగు పక్కలా ఒకే బూడిద రంగు. చూడడానికి చాలా బాగుంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక మామగారు తలుపు పట్టుకుని లోపలికి తొంగి చూశారు. గోడ మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడ్డారు.

"ఏటి మావయ్యా, ఎలాగున్నాది?" అన్నాను.

"బాగున్నాదమ్మా. నున్నగా వొచ్చినాది" అని చెయ్యి పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయారు.

మూడో రోజు టైల్స్ వేసే మనిషి రావాలి. అతను దొరకడమే కష్టమైంది. మా పని ఒక్కటి ముగించుకుని, చెల్లెలి పెళ్ళి ఉందని ఊరు వెళ్ళిపోతాడు. మళ్ళీ పద్దెనిమిది రోజుల దాకా రాడు. అప్పటికి వానలు దిగిపోతాయి. ఎలాగైనా ఈ నాలుగు రోజుల్లో టైల్స్ పడిపోవాలని ముందే అనుకున్నాం. పొద్దున పది దాటాక మేస్త్రీ ఫోను చేశాడు.

"బౌదీ, టైల్స్‌వాలా పౌనే బారా బజే వస్తాడు. నేను ముందే వస్తాను. గది తుడిచి పెట్టు."

పౌనే బారా. పదకొండూ నలభై అయిదు. సరేనని ఫోను పెట్టేసి, స్నానాల గది బయట ఉన్న సామాను సర్దడం మొదలుపెట్టాను. కెమికల్ డబ్బా ఎత్తితే బరువుగా ఉంది. లీటరు సీసాకు సీలు కూడా తీయలేదు. డబ్బాలో మూడు, సీసాలో ఒకటి. నాలుగు లీటర్లు మిగిలాయి. మేస్త్రీ లెక్క ఎంత వదులో చూడు, నేను ఎంత పొదుపుగా కలిపానో చూడు అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం నాకు గర్వంగానే ఉంది.

తరవాత అది నిలవలేదు. ముప్పయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి, రెండు లీటర్లు సరిపోయే చోటికి ఆరు లీటర్లు ఎందుకు తెస్తాడు? ఎనిమిది కిలోలకు ఆరు లీటర్లు. ఆరును ఎనిమిదితో భాగిస్తే ముప్పావు.

పౌన్.

ఆ మాట నాకు తెలియనిది కాదు. పౌనే బారా, పౌనే చార్ అని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. కానీ అది నాకు గడియారం దగ్గరి మాట. మా బజారులో కూరలు తూచేవాళ్ళు పావ్, ఆధా, తీన్ పావ్ అంటారు. తూకంలో పౌన్ అన్నవాళ్ళు నాకు ఎప్పుడూ తగల్లేదు. తెలుగులో పావు ఉంది, హిందీలో పావ్ ఉంది, రెండూ ఒకటే అర్థం. గంఛా వెనక నుంచి సగం మింగిన ఆ మాటను నా చెవి తనకు అలవాటైన వైపుకు లాక్కుంది. తెలుగు మాత్రమే వచ్చినవాళ్ళయితే ఏమన్నావని మళ్ళీ అడిగేవాళ్ళు. హిందీ మాత్రమే వచ్చినవాళ్ళయితే సరిగ్గా వినేవాళ్ళు. నాకు రెండూ వచ్చు గనక అడగలేదు.

గోరుతో గోడ మీద గీశాను. తెల్లగా గీత పడింది, గోటి సందులోకి పొడి వచ్చింది. చేత్తో రుద్దితే అరచేయి అంతా బూడిద. మగ్గుతో నీళ్ళు తెచ్చి ఆ గోడ మీద, మామగారి గది వైపు గోడ మీద, చిలకరించి లెక్కపెట్టాను. మంచి పూత మీద నీళ్ళు చుక్కలుగా నిలబడి జారిపోవాలి. పన్నెండు లెక్కపెట్టేసరికి చుక్కలు లేవు. ఎక్కడ పడిన నీళ్ళు అక్కడే నల్లటి మచ్చలై గోడలోకి వెళ్ళిపోయాయి.

గడియారం చూశాను. పదీ ఇరవై. టైల్స్ మనిషి రావడానికి ఎనభై అయిదు నిమిషాలు.

ఇప్పుడు చెప్పడానికి తేలికగా ఉంది గానీ, ఆ ఎనభై అయిదు నిమిషాల్లో సగం నేను చెప్పకుండా ఉండడానికి కారణాలు వెతికాను. నీళ్ళ మచ్చలు ఎండిపోతాయి. తడిగుడ్డతో తుడిస్తే పైపొడి పోతుంది, గోడ మళ్ళీ నున్నగా కనిపిస్తుంది. మేస్త్రీ చూసి బాగుందన్నాడు, మామగారు చూసి బాగుందన్నారు. టైల్స్ పడితే ఇక ఆ గోడను చూసేవాళ్ళు లేరు. కలిపింది నేనే. మిగిలిన కెమికల్‌ను సందు కాలవలో పోసేసి డబ్బా, సీసా పారేస్తే, ఎంత పోశానో తెలిసిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే. ఈరోజు పని ఆగితే పద్దెనిమిది రోజులు పోతాయి. వానలు దిగాక కూడా మామగారికి గది ఉండదు. ఆయన కోసమే చెప్పకూడదేమో అని కూడా అనుకున్నాను. ఆ మాట అనుకున్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

మేస్త్రీ పదకొండున్నరకు వచ్చాడు. సైకిలు స్టాండు వేయక ముందే అడిగేశాను.

"దాదా, మొన్న నువ్వు సెప్పినది పౌన్ లీటరా, పావు లీటరా?"

"పౌన్, బౌదీ. తీన్ పావ్. ఎందుకు?"

"నాను ఒక్క పావే పోసినాను."

అతను సైకిలు హ్యాండిలు పట్టుకునే నిలబడిపోయాడు. "మిగిలింది?"

"నీళ్ళు."

లోపలికి వెళ్ళాడు. తాపీ మొనతో గోడ మీద రెండు చోట్ల గీకాడు. రాలిన పొడిని అరచేతిలో పట్టుకుని బయటికి వచ్చి నాకు చూపించాడు.

"అయ్యో బౌదీ! పాడా అంతా, పేట మొత్తం నీ దగ్గర లెక్క రాయించుకుంటారు. నువ్వు నా గోడకి పంతా భాత్ పెట్టినావు!"

పంతా భాత్ అంటే అన్నంలో నిండా నీళ్ళు పోసి బెంగాలీలు పొద్దున తినే చద్దన్నం. ఇంకోరోజయితే నవ్వేదాన్ని.

"పైన ఇంకో పూత సరిగ్గా కలిపి వేస్తే సరిపోదా?"

"కింద పౌడర్ ఉంటే పైన పూత దేన్ని పట్టుకుంటుంది? పొరలాగ లేచొస్తుంది, టైల్‌తో సహా. మొత్తం గీకాలి." ఆగి, గొంతు తగ్గించాడు. "నా తప్పు కూడా ఉంది. రంగు చూస్తే నాకు తెలియాలి. చత్వారం కళ్ళు. బ్రష్ బాగా పోతుందని ఖుషీ అయినాను."

అంతలో టైల్స్ మనిషి వచ్చేశాడు. ముప్పయ్యేళ్ళుంటాయి, బండి మీద కటింగు మిషను కట్టుకుని. సంగతి విని మొహం చిట్లించాడు. లోపలికి వెళ్ళి గోడ మీద ఒక దెబ్బ వేసి చూశాడు.

"దీదీ, గోడ గట్టిగానే ఉంది. నా పని నేను చేస్తాను. టైల్ పడినాక గోడను ఎవరు చూస్తారు? సగం ఇళ్ళల్లో అసలు పూతే వెయ్యరు."

నేను ఒక్క ప్రశ్న అడిగాను. "టైల్స్ వేసినాక నీళ్ళు లోపలికి ఎక్కడి నుంచి పోతాయి?"

"టైల్‌లోంచి పోవు. జాయింట్‌లలోంచి పోతాయి, కొద్దికొద్దిగా. అందరిళ్ళల్లో పోతాయి."

ఒక్కో టైలు అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. నూట అయిదు చదరపు అడుగులకు డెబ్బై టైల్స్. ఒక్కో టైలుకు రెండున్నర అడుగుల జాయింటు లెక్కకు వస్తుంది. డెబ్బై రెండున్నరలు నూట డెబ్బై అయిదు. నూట డెబ్బై అయిదు అడుగుల సందు, దాని వెనక నీళ్ళు పీల్చే గోడ, దాని వెనక ఆయన మంచం.

"ఈరోజు వద్దు" అన్నాను.

"ఈరోజు వద్దంటే పెళ్ళయినాకే. పద్దెనిమిది రోజులు."

"తెలుసు."

"అప్పుడు కూడా వేరే పని దొరికితే రానేమో." బెదిరించడానికన్నాడో నిజంగానే అన్నాడో తెలియదు. బండి తిప్పుకుంటూ మేస్త్రీ వైపు చూసి, "చాచా, నీ బౌదీ లెక్క బాగుంది" అని వెళ్ళిపోయాడు.

గీకడం మొదలుపెట్టగానే ఇల్లంతా సన్నటి దుమ్ము లేచింది. ఆ దుమ్ము మామగారికి విషంతో సమానం. ఆయన్ని పట్టుకుని వీధి అరుగు మీదికి తీసుకువెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. జరిగింది మొత్తం చెప్పాను. పావు, పౌన్, నీళ్ళు, పద్దెనిమిది రోజులు, ఏదీ దాచలేదు. కోపగించుకుంటారనుకున్నాను.

"నిన్ననే సూసినానమ్మా" అన్నారు.

"ఏటి సూసినారు?"

"గోడ మీద సెయ్యెట్టినాను గదా. ఏళ్ళకి సున్నంలాగ అంటుకున్నాది. పోతలో మట్టి అచ్చులు ముప్పయ్యారేళ్ళు ముట్టుకున్న సెయ్యి. పట్టినదేదో పట్టనిదేదో నాకు తెలుస్తాది."

"మరి సెప్పలేదేటి మావయ్యా?"

"నువ్వు కొలిసి పోసినావు." ఊపిరి కోసం ఆగారు. "నీ లెక్క తప్పదు. నా ఏలే తప్పనుకున్నాను. ముసిలోడి ఏలు గదా."

ఆ గదిలో పడుకోవలసింది ఆయన. ఆ గోడ తడిస్తే ఊపిరి ఆగేది ఆయనకు. అలాంటిది, తన చేతికి అంటుకున్నదాన్ని కూడా నా మాట మీద తుడిచేసుకున్నారు. ఇన్నేళ్ళుగా అందరూ నా లెక్కను సరిచూసుకోకుండా నమ్మితే అది నాకు మర్యాద అనుకున్నాను. ఆ మర్యాద ఈ ఇంట్లో ఒక మనిషి నోరు నొక్కిందని నాకు అప్పటిదాకా తెలియదు.

"గీకినాక మళ్ళీ కలుపుతాను" అన్నాను. "మీరు పక్కన కూసోవాల. గోడ ఆరినాక మీరే ముట్టుకుని సెప్పాల. బాగోకపోతే బాగోలేదనాల."

"అంటే ఏటవుతాది? మళ్ళీ గీకిస్తావా?"

"గీకిస్తాను."

"మేస్త్రీ పారిపోతాడు" అని నవ్వబోయి దగ్గారు.

గీకడానికి రోజున్నర పట్టింది. వైరు బ్రష్షుతో రుద్ది, గోడ కడిగి, ఆరబెట్టి, సిమెంటు ఇంకో ఎనిమిది కిలోలు, కెమికల్ ఇంకో రెండు లీటర్లు తెప్పించి మళ్ళీ మొదలుపెట్టాం. మామగారిని పెరట్లో, దుమ్ముకు దూరంగా స్టూలు మీద కూర్చోబెట్టాను. గ్లాసుతో పోస్తూ పైకి లెక్కపెట్టాను.

"కిలో సిమెంటు. కెమికల్ ఒకటి."

"ఒకటి" అన్నారాయన.

"రెండు."

"రెండు."

"మూడు."

"మూడు. ఇంక సాలు. నీళ్ళేవీ?"

"నీళ్ళు లేవు మావయ్యా."

లోపలి నుంచి మేస్త్రీ అరిచాడు. "అక్కడ ఏం పూజ జరుగుతుంది బౌదీ? ప్రసాదం లోపలికి పంపించు, బ్రష్ ఎండిపోతుంది!"

ఈసారి కలిపినది నీళ్ళు పోయకుండానే జారింది. బ్రష్షుకు బరువుగా అంటుకుంది. ఒక్కో పూతకూ నాలుగుసార్లు, మొత్తం ఎనిమిదిసార్లూ ఆయన నా వెంట లెక్కపెట్టారు. రెండో పూత ఆరిన మర్నాడు గోరుతో గీశారు, అరచేత్తో రుద్దారు, చెయ్యి నా మొహం ముందు తెరిచి చూపించారు. ఏమీ అంటలేదు. నీళ్ళు చల్లి చూశాం. ఆయన లెక్కపెడుతుంటే ఊపిరి చాలక ఆగిపోయారు గానీ చుక్కలు మాత్రం గోడ మీదే ఉన్నాయి. నేల మీద అంగుళం లోతు నీళ్ళు కట్టి పెట్టాం, ఇరవై నాలుగు గంటలు. గంట గంటకూ వెనక గదిలోకి వెళ్ళి గోడ మొదట్లో చెయ్యి పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

కానీ పోయిన రోజులు పోయాయి. వానలు అనుకున్నదానికంటే నాలుగు రోజులు ముందే దిగాయి. టైల్స్ లేకుండా స్నానాల గది వాడడానికి లేదు. పక్కింటి దీదీ వాళ్ళ ఇంట్లో స్నానాలు చేశాం. ఆమె ఏమీ అనేది కాదు గానీ, తడి సందులో గొడుగు పట్టి మామగారిని అక్కడికి నడిపించినప్పుడల్లా ఆ పావు లీటరు గ్లాసు నా కళ్ళ ముందుకు వచ్చేది. వెనక గది గోడ ఇంకా పాత చెమ్మ ఆరుతూ వాసన వేస్తోంది. ఆయన్ని ముందు గదిలోనే పడుకోబెట్టాం. వంట బయట వరండాలోకి మార్చాను. అయినా వాన పెరిగిన మూడో రోజు ఆయన అంకె పదకొండు. మర్నాడు తొమ్మిది. అంత తక్కువ అంతకు ముందు ఎప్పుడూ రాయలేదు. ఆస్పత్రికి తీసుకువెళ్ళి రెండు రోజులు ఉంచాం. మా ఆయన సెలవు పెట్టి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తొమ్మిది అన్నది నా తప్పు వల్లనో, తప్పు చెప్పడం వల్లనో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాదు. లెక్కగా చూస్తే రెండింటి వల్లా.

టైల్స్ మనిషి పందొమ్మిదో రోజున వచ్చాడు. రాడేమోనని పద్దెనిమిదో రోజు నేను ఎన్నిసార్లు ఫోను చేశానో లెక్కపెట్టలేదు. పెళ్ళి మిఠాయి తెచ్చాడు. గోడను చూసి దారం కట్టి పని మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో అయిపోయింది. ఇంకో పది రోజులకు వెనక గది వాసన తగ్గింది, గోడ తెల్లబడింది. మామగారు తన గదిలోకి తిరిగి వెళ్ళారు. అంకె పద్నాలుగు, పదహారు, పదిహేడు. అక్కడే ఉంది ఇప్పుడు. ఇరవై నాలుగు మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. బయట వాన కురుస్తుండగా పదిహేడు అంటే ఏమిటో నాకు తెలుసు.

మొన్న పొద్దున, రాత్రంతా వాన కొట్టి అప్పుడే తెరిపిచ్చింది. నేను టీ పెడుతున్నాను. వెనక గదిలోంచి కేక వినపడింది.

"అమ్మా! ఓపాలి ఇలాగొచ్చి ఈ గోడ సూడు!"

చేతిలో గరిటెతోనే పరిగెత్తాను. ఆయన స్నానాల గది వైపు గోడ ముందు నిలబడి ఉన్నారు. నేను ముందు కింద చూశాను, మూలలు చూశాను, చెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు.

"ఏటయినాది మావయ్యా? ఎక్కడ?"

"ఇక్కడ" అని తన భుజం ఎత్తున వేలు పెట్టి చూపించారు. ఇంకో చేతిలో సుత్తి, నోట్లో ఒక మేకు. మేకు తీసి అన్నారు. "సొక్కా తగిలించుకోడానికి. ఎన్నాళ్ళు మంచం కోడుకి ఏలాడదియ్యాల?"

"ఆ గోడకా? వేరే మూడు గోడలున్నాయి గదా!"

"నా మంచం ఇక్కడున్నాది. సొక్కా అక్కడెందుకు?"

మేకు తీసుకుని చూశాను. రెండంగుళాలు. ఇవతల ప్లాస్టరు అరంగుళం, ఇటుక, అవతల ప్లాస్టరు, పూత, టైలు. లెక్క ప్రకారం పూత దాకా వెళ్ళదు. కానీ దెబ్బ అదిరితే అవతల ఏమవుతుందో ఏ లెక్కా చెప్పదు. వద్దనే అనబోయాను. ఆయన గోడ వైపు చూస్తున్నారు, చాలాకాలం ఉండబోయే మనిషి తన గదిని చూసుకున్నట్టు.

నేను ముందు గదిలోకి వెళ్ళి స్క్రూల డబ్బాలోంచి అంగుళం మేకు ఒకటి వెతికి తెచ్చాను. సగం వరకు పెన్సిలుతో గీత పెట్టాను.

"ఈ గీత దాటకూడదు" అన్నాను.

"నువ్వు సూడు మరి" అన్నారు. "నాకు కనపడదు."

నేను మేకును రెండు వేళ్ళతో గోడకు ఆనించి పట్టుకున్నాను. ఆయన ఒకసారి గాలి పీల్చుకుని మెల్లగా మొదటి దెబ్బ వేశారు.